గాజుగొట్టం చెప్పిన జ్వరం

నరసింగరావు మా బళ్లో సైన్సు మాస్టారు. నేను తెలుగు పంతుల్ని. గజపతినగరంలో ఇద్దరి ఇళ్లకీ మధ్య గోడ ఒకటే. కొలవలేనిది లేనట్టే లెక్క అని ఆ గోడ మీంచి రోజూ నాకు ఉపదేశం. నా పద్యాలు ఏ కొలతకీ అందవు కనక వాటినీ లేనివాటి కిందే జమకట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

అరవై ఎనిమిది వానాకాలంలో ఆయనకి జ్వరం తగిలింది. సరిగ్గా ఆ రోజే విజయనగరంలో సభ, ‘శాస్త్రమే ప్రమాణం’ అని ఆయన ఉపన్యాసం. పొద్దున్నే ఆయన భార్య సుభద్రమ్మ గోడ మీంచి పిలిచింది.

“పంతులుగారూ, ఓపాలి రండి. ఒళ్లు కాలిపోతన్నాది. అయినా బస్సెక్కేస్తానంతన్నారు. దారిలో పడిపోతే నానేటి సేసీది?”

వెళ్లేసరికి కోటు తొడుక్కుని గజగజ వణుకుతున్నాడు.

“జొరం లేదయ్యా. తొంబై ఎనిమిదే,” అన్నాడు థర్మామీటరు చూపించి.

“మరి నా సెయ్యి సెప్పిందో?” అంది సుభద్రమ్మ.

“నీ సేతి మీద నంబర్లున్నాయేటే?”

మళ్లీ పెట్టుకున్నాడు. గొట్టం నాలిక కింద ఉండగానే పాదరసం ఎలా వ్యాకోచిస్తుందో నాకు బోధించడం మొదలెట్టాడు. నోట్లో గాలి ధారాళంగా ఆడుతోంది. మళ్లీ తొంభై ఎనిమిదే.

“కాసేపు నోరు మూసుకోండి మాస్టారూ,” అన్నాను.

“అదీ మీ సంప్రదాయం! నోరు మూయించడం!”

సుభద్రమ్మ గొట్టం లాక్కుని, కడిగి తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. తెచ్చి చేతికిచ్చింది. ఒకసారి ఎక్కిన పాదరసం విదిలిస్తే గాని దిగదు. ఆ సంగతి నాకు చెప్పింది ఆయనే. కానీ విదిలించే ఓపిక లేక అలాగే నోట్లో పెట్టుకున్నాడు.

“నూటనాలుగు! సుభద్రా, నాకు జొరమే! కంబళి తే!”

అంతవరకూ మూలగని మనిషి మంచమెక్కి మూలగడం మొదలెట్టాడు. బస్సు వెళ్లిపోయింది. గొట్టానికి గంజి మెతుకు అంటుకుని ఉంది. నేను చూరు వైపు చూశాను.

నవ్వు రావలసిందే గాని రాలేదు. గుమ్మంలో ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది.

“ఇన్నేళ్లు కాపరం సేసినాను పంతులుగారూ. నా సెయ్యి కన్నా గంజిగిన్నె మాటే ఎక్కువైపోనాది.”

నాకు ఆయన మీద ఎప్పుడూ లేనంత కోపం వచ్చింది.

కొన్నాళ్లకి ఆయనకి చెమటలు పట్టాయి. చూసుకుందామని థర్మామీటరు విదిలించబోయి మంచం కోడుకి కొట్టాడు. ముక్కలైపోయింది. నేల మీద పరిగెడుతున్న పాదరసం బొట్ల వంక దిక్కు తోచక చూశాడు. తనకి జ్వరం ఉందో లేదో తెలుసుకునే దారి లేదిప్పుడు. లేవమంటారా, పడుకోమంటారా అని నన్నడిగాడు, తెలుగు పంతుల్ని!

నేను సుభద్రమ్మ వైపు చూపించాను. ఆయన మెల్లగా, “సుభద్రా, ఓపాలి సెయ్యి ఎయ్యే,” అన్నాడు.

ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసింది.

“ఎంతుంది?”

“తొంబై ఎనిమిది,” అంది. ఆయన ముఖం ఇంకా తేటపడకపోయేసరికి, “పాయింటు నాలుగు,” అని కలిపింది.

“నార్మలే,” అంటూ లేవబోయాడు.

“కదలకండి. సరిగ్గా సూడనియ్యండి,” అంది సుభద్రమ్మ, చెయ్యి తియ్యకుండానే.

ఆయన నోరు మూసుకుని పడుకున్నాడు.