పై మెట్టు మీద బకెట్

ఆమె ఉద్యోగమే కోడిగుడ్డు మీద ఈకలు పీకడం. నవలల్లోంచి తీస్తున్న డిటెక్టివ్ సీరియల్‌లో ప్రతి భాగాన్నీ షూటింగుకు ముందే చదివి, కథలో తప్పులెక్కడున్నాయో రాసివ్వాలి. అందరూ ఆమెను లొసుగులక్క అంటారు. నవ్వుకుంటే నవ్వుకోనీండి, ఆమే లేకపోతే మొదటి భాగంలో చచ్చినవాడు నాలుగో భాగంలో లేచొచ్చి కాఫీ తాగేవాడు.

ఆ మధ్యాహ్నం పదకొండో భాగం చదివి మండిపడింది. తడిబట్టల బకెట్ బరువుకు తూలి, భార్య మేడమెట్ల మీంచి పడిపోయిందని భర్త చెబుతాడు. నవలలో ఆ భర్త తెలివైనవాడు, బట్టలన్నీ మెట్ల మీద తనే చల్లి పెడతాడు. స్క్రిప్టులో మాత్రం, ప్రతి టేకుకీ బట్టలు ఏరుకోవాల్సి వస్తుందని, దర్శకుడు నిండు బకెట్ పై మెట్టు మీదే నిలబడి ఉన్నట్టు రాయించాడు.

"మోస్తూ పడితే బకెట్ పైనెలా ఉంటుంది? పసిపిల్లలు కూడా మొగుడే తోశాడంటారు. మన డిటెక్టివ్ మూడు భాగాలు వెతుకుతాడా?"

"ఏడుపులో బకెట్ ఎవరు చూస్తారక్కా?" అన్నాడు దర్శకుడు.

"తోడబుట్టింది కూడా చూడదా? ఎవడు నమ్ముతాడు?"

అదే మాట కాగితం మీద రాయబోయింది. సగంలో చెయ్యి ఆగిపోయింది.

ఎనిమిది నెలల క్రితం ఆమె అక్క అలాగే పోయింది. బకెట్ బరువుకు తూలిందని బావే చెప్పాడు. ఏడుస్తూ మేడెక్కిన ఆమెకు పై మెట్టు మీద నిండు బకెట్ కనిపించింది. అక్క పని సగంలో ఉండిపోకూడదని, ఒక్కో బట్టా దులిపి తీగ మీద తనే ఆరేసింది. బావ చొక్కాలకు క్లిప్పులు కూడా పెట్టింది. పోలీసులు వచ్చేసరికి బకెట్ ఖాళీ. అనుమానాలేమీ లేవని సంతకం పెట్టిందీ తనే.

వరండాలోకి వెళ్లి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ రోజు మేడ మీద బకెట్..."



"నీకంటే ముందు చూసింది నేనేనే," అంది తల్లి. "పిల్లకి తండ్రైనా మిగలాలని నోరు మూసుకున్నా."

తిలాపాపం తలా పిడికెడంటారు. ఇక్కడ పంచుకున్నది తల్లీ కూతుళ్లు.

"పిల్ల ఎలా ఉందమ్మా?"

"నిన్న ఫోన్ చేసింది. 'నాన్న అమ్మని కొట్టినట్టే నన్నూ కొడుతున్నాడు, అమ్మమ్మా' అంది."

"నువ్వేమన్నావు?"

"నాన్న చెప్పినట్టు వినమన్నా."