కరెంటు వాడని ఇల్లు

తడిసిన మందపాటి దుప్పటిని పిండాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఒక కొస పట్టుకుని కుడివైపుకు, రెండోవారు ఇంకో కొస పట్టుకుని ఎడమవైపుకు మెలితిప్పాలి. ఒక్కరే ఉన్నప్పుడు దాన్ని చేతిపంపు మెడకు చుట్టి, రెండు కొసలూ కలిపి పట్టుకుని, ఒంటి బరువంతా మణికట్టు మీద వేసి తిప్పాలి. నాలుగేళ్ళుగా నేను ఆ రెండో పద్ధతినే అనుసరిస్తున్నాను. ఆ ఉదయం అలా తిప్పుతుండగా దుప్పటి జారి నేలమీద పడింది. జారిన సంగతి నా చేతికి తెలియలేదు. చప్పుడు విని కిందికి చూసుకున్నాను. బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ ఉన్న చోటే ఉన్నాయి గానీ, ఎవరివో తెచ్చి నాకు తగిలించినట్టున్నాయి.

"ఏమైంది?" హాల్లోంచి మా ఆయన కేకేశాడు.

"దుప్పటి జారిపోయింది."

"మట్టి అంటిందా? మళ్ళీ జాడించేటప్పుడు నీళ్ళు కాస్త చూసి వాడు."

అని తన ఉపన్యాస సాధనలోకి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి ఆ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది: "మిత్రులారా, కొన్ని హద్దులు దాటేదాకా కనిపించవు. దాటాక, వెనక్కి రావడానికి దారి ఉండదు."

ఆయన వంతెనల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. భూగోళం వేడెక్కడం గురించి ఆయనకు మొదట చెప్పింది నేనే. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర, నీళ్ళ గ్లాసును వేలితో అంచువైపు నెడుతూ చెప్పాను. కొంతదూరం వరకూ నెట్టినంతే జరుగుతుంది, మనకు అంతా అదుపులోనే ఉన్నట్టుంటుంది. ఆ తర్వాత వెంట్రుకవాసి చాలు. ధ్రువాల మంచు తెల్లగా ఉన్నంతకాలం ఎండను తిప్పికొడుతుంది. కరిగితే కింద నల్లటి నీళ్ళు బయటపడతాయి, అవి ఎండను మింగుతాయి, ఇంకా వేడెక్కి ఇంకా మంచును కరిగిస్తాయి. ఆ దశకు చేరాక మన ప్రమేయంతో దానికి పనిలేదు. ఆయన ఆరోజు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. నిజంగానే చలించాడు, అది నేను కాదనను. ఏడాది తిరిగేసరికి ఆ గ్లాసు ఆయన ఉపన్యాసాల్లోకి ఎక్కింది. "ఒకనాడు భోంచేస్తుండగా నాకు స్ఫురించింది" అంటాడు. ఎదురుగా ఇంకొకరు కూర్చున్న విషయం ఉపన్యాసంలో ఇమడలేదు.

ఆ తర్వాత పుస్తకం రాశాడు. శిష్యులు చేరారు, 'గురువుగారూ' అని పిలవసాగారు. గురువుగారన్నాక చెప్పింది చేసి చూపించాలి కదా! ముందుగా వాషింగ్ మెషిన్ ఇంట్లోంచి వెళ్ళింది. తర్వాత ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, బావి మోటారు. వీధిగుమ్మం పక్కన కరెంటు మీటరు దాదాపు కదలకుండా ఉంటుంది. వచ్చినవాళ్ళంతా దానిపక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఆయన చూపించే చార్టులో పెద్ద అక్షరాలతో ఉంటుంది: 'ఈ ఇంటి శక్తి వినియోగం: సున్నాకు చేరువ.'

"మరి నా చేతులు దేంతో నడుస్తున్నాయి? అది శక్తి కాదా?" అని అడిగాను ఒకసారి.

"మనిషి చేసే పని ఎలాగూ ఉండేదే కదా. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సున్నా అనుకోవాలి."

"మీరు మొన్న విమానంలో వెళ్ళొచ్చిన దూరం ఎంతో తెలుసా? ఆ ఒక్క ప్రయాణం వదిలిన బొగ్గుపులుసు వాయువుతో మన మెషిన్ పదేళ్ళకు పైగా తిరిగేది."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "ఆ ప్రయాణం వందలమందిని మార్చింది. నీ మెషిన్ ఎవర్ని మారుస్తుంది చెప్పు?"

ఆయనతో నాకున్న పేచీ శాస్త్రం గురించి కాదని స్పష్టం చేయాలి. శాస్త్రం ఆయన సరిగ్గానే చెబుతాడు, నా దగ్గర నేర్చుకున్నదే కనక. వేల ఏళ్ళ తర్వాత పుట్టబోయే మనుషుల మీద ఆయనకున్న జాలి కూడా దొంగది కాదు. పుస్తకం చివరి అధ్యాయం నిండా వాళ్ళే: తక్కువ వస్తువులతో, ఎక్కువ తీరికతో, తెల్లని నూలుబట్టలు కట్టుకుని, చెట్లకింద కూర్చుని చర్చించుకుంటూ ఉంటారు. ఆ తెల్లబట్టలు ఎవరు ఉతుకుతున్నారో ఆ అధ్యాయంలో లేదు.

మెషిన్ వెళ్ళిపోయిన రోజున ఏడ్చింది మా అత్తగారు. చేతికర్ర పట్టుకుని వరండాదాకా వచ్చి, వ్యానులోకి దాన్ని ఎక్కిస్తుంటే చూసి, కొడుకుని పట్టుకుంది.

"ఒరే, ముప్ఫయ్యేళ్ళు ఉతికితే నా చేతులు ఇలా అయ్యాయిరా. అది ఇంట్లోకొచ్చిన రోజున దానికి దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడెవరికి పోయే కాలం వచ్చిందని పంపించేస్తున్నావు?"

"అమ్మా, భూమి కోసం."

"భూమి వచ్చి అడిగిందా? ఉతికేదాన్ని అడిగావా మరి?"

"ఈవిడకి అభ్యంతరం లేదమ్మా," అన్నాడు నావైపు చూడకుండానే. అంతటి మహత్తర లక్ష్యం ముందు నా మణికట్టు సంగతి ఎత్తడం చిన్నతనంగా తోచింది. చదువుకున్న ఆడదాన్ని లొంగదీయడానికి చీవాట్లు అక్కర్లేదు. ఒక గొప్ప ఆశయం చాలు.

దుప్పటి జారిన రోజు మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చేతుల ఆపరేషన్లు చేసే ఆవిడ, నా వయసులో సగం ఉంటుంది. నా అరచేతిని వెల్లకిలా తిప్పి, బొటనవేలి మొదట్లో నొక్కింది.

"ఇక్కడ కండ ఎంత పల్చబడిందో చూశారా మేడమ్? మణికట్టు దగ్గర నరం నలిగిపోతోంది. ఒక హద్దు దాకా అయితే మేం తెరిచి ఒత్తిడి తీసేస్తే కోలుకుంటుంది. ఆ హద్దు దాటితే తెరిచినా ఒకటే, తెరవకపోయినా ఒకటే. పెన్ను పట్టుకోలేరు, గుండీ పెట్టుకోలేరు."

"హద్దు ఎక్కడుంది?"

"దాటాక తెలుస్తుంది."

నవ్వాను. ఆవిడ కంగారుపడింది. "ఏమీలేదమ్మా, ఈ మాట మా ఇంట్లో రోజూ వింటుంటాను," అన్నాను. వచ్చే సోమవారానికి ఆపరేషన్ పెట్టింది. ఇంతకుముందే రావాల్సిందని రెండుసార్లు అంది.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "సోమవారమా?" అన్నాడు.

సోమవారమే మా ఇంట్లో శిబిరం మొదలవుతుంది. 'కరెంటు వాడని ఇంట్లో కలిసి బతుకుదాం' అని ఎంపికచేసిన శిష్యులు మా ఇంట్లోనే ఉండి, తిని, పడుకుని, నేర్చుకుని వెళతారు. ఒక పత్రిక నుంచి ఒక అమ్మాయి కూడా వస్తోంది.

"రెండు వారాలు ఆగు. శిబిరం అయిపోగానే నేనే దగ్గరుండి తీసుకెళ్తా. రెండు వారాల్లో ఏం మునిగిపోతుంది చెప్పు?"

సముద్రమట్టాల గురించి మూడు అధ్యాయాలు రాసిన మనిషి అడిగిన ప్రశ్న అది. 'ఇంకా టైముంది అనుకోవడమే మానవజాతి చేసిన అసలు నేరం' అన్న వాక్యానికి ప్రతి ఊళ్ళోనూ ఆయనకు చప్పట్లు పడతాయి. నేను ఆయన ముఖంలోకి చూశాను. అందులో కపటం లేదు. నా చేయి ఆయనకు నిజంగానే కనిపించలేదు. మంచుకొండ ఆయనకు కనిపిస్తుంది, ఎన్నడూ చూడకపోయినా.

అప్పుడు నాలో పుట్టినదాన్ని కోపం అనలేను. కోపం మరుగుతుంది, పొంగుతుంది, చల్లారిపోతుంది. ఇది మొదటినుంచీ చల్లగానే ఉంది, చాలా స్పష్టంగా ఉంది, దాని పేరు పగ అని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ వేయలేదు. పిల్లలకు ముప్ఫయ్యేళ్ళు ప్రయోగశాలలో ఒకటే చెప్పాను: ఒక రాశి ప్రభావం సున్నా అని ఎవరైనా అంటే వాదించకండి. దాన్ని తీసేసి, ఏమవుతుందో చూడండి.

తీసేసి చూద్దామనుకున్నాను.

"సరే, మీరన్నట్టే శిబిరం జరగాల్సిందే," అన్నాను. ఆపరేషన్ వాయిదా వేసుకుంటానని నేను అనలేదు. ఆయన అలా అనుకుని తేలికపడ్డాడు.

ఆయన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ నా చేతిమీదుగానే నడుస్తాయి. శిబిరానికి చాలామంది అర్జీలు పెట్టుకున్నారు. కొద్దిమందినే ఎంచి, తక్కినవాళ్ళకు 'చోటు లేదు' అని మర్యాదగా రాసెయ్యమన్నాడు. ఆ సాయంత్రం నేను, ఉత్తరాల కోసమని ఆయన ఇంట్లో మిగిల్చిన కంప్యూటరు ముందు కూర్చుని, మొద్దుబారిన వేళ్ళతో కాక ఎడమచేత్తో, ఒక్కొక్క అక్షరమే నొక్కుకుంటూ, అందరికీ స్వాగతం పలికాను. కింద నాలుగు వాక్యాలు చేర్చాను: 'ఈసారి ఉపన్యాసాలు ఉండవు. ఇంటి పనులన్నీ గురువుగారు స్వయంగా చేసి చూపిస్తారు. మాసిన బట్టలు తప్పక తెచ్చుకోండి. సందేహాలను మొహమాటం లేకుండా అడగండి.' ఇందులో అబద్ధం లేదు. 'ఈ ఇంటి పనులన్నీ మేమే చేసుకుంటాం' అని పుస్తకంలో ఆయనే రాశాడు. ఆ 'మేము'లోంచి నన్ను తీసేశాను, అంతే.

సోమవారం పొద్దున్న సంచి సర్దుకుని హాల్లోకి వచ్చాను. ఆయన కుర్చీలు సర్దుతున్నాడు.

"ఆసుపత్రికి వెళ్తున్నాను. అక్కణ్ణుంచి కెమిస్ట్రీ ఆవిడ ఇంటికి." మా కాలేజీలో నాతోపాటు పనిచేసిన ఆవిడను మా పెళ్ళినాటినుంచీ ఇంట్లో అలాగే అంటాం.

"ఇవాళా? మరి వాళ్ళంతా... వంట?"

"చేయలేదు."

హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే గేటు చప్పుడైంది. అనుకున్నవాళ్ళకు నాలుగింతల మంది, భుజాన ఒక్కొక్క మూటతో, వీధి పొడుగునా నిలబడి ఉన్నారు.

అత్తగారిని నాతో రమ్మన్నాను. ఆవిడ కుర్చీ పంపు కనిపించే కిటికీ దగ్గరికి జరిపించుకుంది. "నేనెక్కడికీ రానమ్మాయ్. ఇంత తమాషా మళ్ళీ చూస్తానో లేదో. నువ్వు చేయి బాగుచేయించుకో, నేను ఫోన్ చేస్తుంటా," అంది.

కట్టుకట్టిన చేతిని దిండుమీద పెట్టుకుని, కెమిస్ట్రీ ఆవిడ ఇంట్లో ఫ్యాను కింద పడుకుని, ఆ ఫోన్ల కోసం ఎదురుచూశాను.

"అమ్మాయ్, వీడు పంపు కొడుతున్నాడు. నాలుగు బకెట్లకే కూలబడ్డాడు."

"ఆహా."

"ఎవరో గడ్డమాయన అడిగాడు, ముందు నానబెట్టాలా, సబ్బు రాయాలా అని. వీడేమన్నాడో తెలుసా? 'రెండూ ఏకకాలంలో' అన్నాడు!"

మర్నాడు: "తెల్లచొక్కాలు ఎర్రదుప్పటితో కలిపి నానేశాడమ్మా. ఇప్పుడు ఇల్లంతా గులాబీ రంగు గురువులే." కెమిస్ట్రీ ఆవిడ ఫోను లాక్కుని, ఇంకోసారి చెప్పించుకుని విని, మంచం మీద దొర్లి నవ్వింది.

ఆ మర్నాడు అత్తగారి గొంతు కాస్త మారింది. "పత్రికామ్మాయి నా పక్కన కూచుంది. 'మామ్మగారూ, ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎవరు చేశారండీ?' అని అడిగింది."

"మీరేమన్నారు?"

"వినపడనట్టు నటించా. మూడోసారి అడిగితే చెప్పా. గట్టిగా చెప్పా, పంపు దగ్గరున్నవాడికి కూడా వినపడాలి కదా."

ఈ సంతోషం ఉదాత్తమైనది కాదని నాకు తెలుసు. ఉదాత్తత నాలుగేళ్ళు వెలగబెట్టాను. దాని ఫలితం కట్టు కింద ఉంది. కుట్లు చూసిన డాక్టరు బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ తిరిగి వస్తుందంది. మధ్యవేలిని సూదితో పొడిచింది, నాకేమీ తెలియలేదు. "దీని సంగతి చెప్పలేను మేడమ్. బహుశా ఆలస్యమైంది," అంది. ఆ వేలిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా పగ కరిగిపోతుందేమోనన్న చిన్న అనుమానం ఏదైనా మిగిలి ఉంటే, అది ఆ రోజుతో తీరిపోయింది.

వారం గడవకముందే ఆయన ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయింది.

"సగం మంది వెళ్ళిపోయారు. ఆ పత్రికలో ఏం వేశారో చూశావా?"

"చూశాను. బాగా రాసింది."

"సరే, నా తప్పే. మెషిన్ తెప్పిస్తున్నాను. ఫ్రిజ్ కూడా. అన్నీ ముందున్నట్టే పెట్టిస్తా. వచ్చెయ్."

"ఉష్ణోగ్రతను పాత అంకెకు దించినంత మాత్రాన పోయిన మంచు తిరిగి రాదు. అదే దారిన వెనక్కి రావడం కుదరదు, ఆ అంకెకన్నా చాలా కిందికి దించాలి. మీకు ఈ భాగం కూడా చెప్పబోయాను. మీరు అన్నం వదిలేసి లేచిపోయారు."

ఆయన, ఉపన్యాసంలో ఎన్నడూ వినని చిన్న గొంతుతో అన్నాడు. "నా వల్ల కావట్లేదు. నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్కరోజు కూడా నడవదు. సున్నా కాదు, ఒప్పుకున్నాను. ఇంకేం కావాలి నీకు? రుజువైపోయింది కదా?"

"లేదండీ," అన్నాను, తరగతిలో వెనకబెంచీ పిల్లకు చెప్పినంత ఓపికగా. "ఒక్కసారి చేసిన ప్రయోగాన్ని శాస్త్రం ఒప్పుకోదు. వచ్చే నెల రెండో శిబిరం పెట్టండి. ఆహ్వానాలు ఇందాకే పంపించాను."