పసుపు మెరిసిన చెయ్యి

నేను ఒక కెమెరాని. పెళ్లిళ్లకు పనికిరాను. కాలిన ఒళ్లు చూడటమే నా ఉద్యోగం. రోగి రక్తంలోకి రంగు మందు ఎక్కించి నా నీలి వెలుగు వేస్తే, రక్తం పారే చర్మం మెరుస్తుంది, రక్తం చేరని చోటు నల్లగా ఉండిపోతుంది. మెరిసింది దానంతటదే మానుతుంది. నల్లనిది కోసేసి కొత్త చర్మం వేయాలి. ఉన్నదున్నట్టు చూపిస్తానని నాకు మహా గర్వం.

కాకినాడలో బజ్జీల బండి నడిపే నూకరత్నం ఆ గర్వం అణచింది. ఆమె కుడిచేతి మీద కాగే నూనె ఒలికింది. ఆడపడుచు లోవకుమారి ఆదరాబాదరాగా గుప్పెడు పసుపు మెత్తి, ఆసుపత్రికి తీసుకొచ్చింది. పసుపు పడనిదే మనవాళ్లకు గాయం గాయమే కాదు కదా! నర్సులు పైపైన కడిగి నా ముందు పెట్టారు. చెయ్యంతా ధగధగ మెరిసింది.

"చూశారా, నా పసుపే కాపాడింది!" అంటూ లోవ నా తెరకు దణ్ణం పెట్టింది. నేనూ పొంగిపోయాను.

డాక్టర్ షహనాజ్ సిరంజి పైకెత్తి చూపించింది. "మందు ఇంకా నా చేతిలోనే ఉందమ్మా. మెరిసేది చర్మం కాదు, పసుపు."

సిగ్గుతో చచ్చిపోయాను. నా మాట నమ్మి ఉంటే, చచ్చిన చర్మం కింద చీము పట్టి ఆ చెయ్యే పోయేది.

"నేనే చెడగొట్టానా వదినా?" అని లోవ ఏడ్చింది.

"ఊరుకోవే. కడిగేయండి డాక్టరమ్మా. ఈ చెయ్యి లేకపోతే నా పొయ్యి ఎలగదండి," అంది నూకరత్నం పళ్లు బిగబట్టి.

మళ్లీ శుభ్రంగా కడిగారు, మందు ఎక్కించారు. ఈసారి తప్పు చెప్పకూడదని నేనూ పంతం పట్టాను. వేళ్లన్నీ మెరిశాయి. బొటనవేలి మొదట్లో తమలపాకంత మేర మాత్రం నల్లగా ఉండిపోయింది. డాక్టర్ అంతమేరకే కోసి, నూకరత్నం తొడ చర్మం తెచ్చి అతికించింది.

కట్టు విప్పిన రోజు లోవ నా తెర వైపు చూడనే లేదు.

"మందు ఎక్కించారాండీ?"

"ఎక్కించాను. ఇప్పుడు చూడు."

ఆ తమలపాకంత చోటు మెరిసింది. నూకరత్నం బొటనవేలు మెల్లగా వంచింది. "సెనగపిండి జల్లించవే లోవా!"

"ఇప్పుడప్పుడే పొయ్యి దగ్గరికెళ్తే ఊరుకోను," అని డాక్టర్ కసిరింది.

ఇప్పుడు నేను స్టోరు గదిలో ఉన్నాను. నా చోట కొత్త కెమెరా వచ్చింది. వచ్చిన రోజే డాక్టర్ షహనాజ్ తన అరచేతికి పసుపు రాసుకుని దాని ముందు పెట్టింది.