రెండు నంబర్లు ఒకటైన బండి

సియాంతార్ ఊళ్లో పాత బీఎస్ఏ మోటారుసైకిలు కొనాలన్నా అమ్మాలన్నా ముందు నాకే కబురు పెడతారు. ఇంజిను మీది నంబరు, ఫ్రేము మీది నంబరు పుట్టినప్పటివా, తర్వాత ఎవడైనా కొట్టినవా అని తేల్చేది నేనే. మా బండ్ల కాగితాలు తాతల కాలంలోనే చెదలు తినేశాయి కాబట్టి ఇనుము మీద ఉన్నదే సాక్ష్యం. పల్చటి కాగితం ఆనించి, పైన పెన్సిలు రుద్ది, వచ్చిన అచ్చును వెలుతురుకి పట్టి "అసలుదే" అన్నానంటే ఇక బేరం ఆగదు. ఆ పేరు చూసుకుని ఎంత మురిసిపోయేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జొంగి మామయ్య మా అమ్మకు స్వయానా అన్న. మా బతాక్ తెగ ఇళ్లలో మేనమామ దీవెన లేకుండా ఏ శుభకార్యమూ మొదలుకాదు. నలభై ఏళ్లు ఆయన బెచా తోలాడు. బెచా అంటే యుద్ధకాలం నాటి మోటారుసైకిలు, దాని పక్కన మనుషులు కూర్చునే తొట్టి. ఆ బండిని ఆయనకు ఇచ్చింది వాళ్ల అన్న మరిహోత్. ఊళ్లో బండ్లన్నీ రెండోపెళ్లి ఇంజిన్లతో తిరుగుతున్నాయనీ, తనది మాత్రం పుట్టినప్పటి గుండెతోనే ఉందనీ, రెండు నంబర్లూ ఒకటేననీ, కావాలంటే మా తుంపాల్‌ని అడగమనీ కల్లుకొట్లో కూర్చున్నప్పుడల్లా చెప్పేవాడు. తుంపాల్ అంటే నేనే. తల ఊపేవాణ్ణి.

ఈ ఏడాది మోకాళ్లు మొరాయించడంతో మామయ్య బండి దిగిపోయాడు. తుక్కు వ్యాపారులు వస్తే తిట్టి పంపాడు. బండి ముక్కలు కాకూడదు, ఎక్కడో ఒకచోట నడుస్తూ ఉండాలి. ఆయనకున్న కోరికల్లా అదొక్కటే. జోగ్జాలో రెత్నో అనే ఆవిడ ఇలాంటి బండ్లు పదిహేను పోగుచేసి, అన్నిటినీ నడిపిస్తూ ఉంచుతుందని తెలిసి కబురు పెట్టించాడు. నంబర్లు నిక్కమైనవైతే తీసుకెళతానంది.

శనివారం పొద్దున రెత్నో నా రిపేరు షెడ్డుకు వచ్చింది. బెచావాళ్లు ఏడెనిమిది మంది టీ గ్లాసులతో చుట్టూ మూగారు. నేను కాగితం తీయబోతే, ఏమీ అనుకోవద్దని నవ్వుతూ చెప్పి తనే రుద్దుకుంది. ఒకటి చూసింది, రెండోది చూసింది. ఇంజిను మీద నంబరున్న చోట బొటనవేలితో రెండుసార్లు నిమిరింది.

"చుట్టూ గరుకుగా ఉంది, ఇక్కడ మాత్రం నున్నగా ఉంది. అరగదీశారు. ఈ ఆరు చూడండి, ఇది ఆరు కాదు, తొమ్మిదిని తిరగేసి కొట్టారు" అంది.

రెండు నంబర్లూ ఒకటేగా అమ్మా, ఇంకేం కావాలి అని బెచా తోలే బోనార్ అడిగాడు. బోనార్‌కు నోరు ఊరుకోదు.

"అదేనండీ తప్పు. సైన్యం కోసం చేసిన ఈ బండ్లకి ఇంజిను నంబరు వేరు, ఫ్రేము నంబరు వేరు. ఫ్యాక్టరీలోంచే అలా వచ్చేవి. ఒకటైతే ఎవరో మార్చారన్నమాట. దొంగబండి అయితేనే సాధారణంగా ఇంత శ్రమపడతారు."



ముప్పై రెండేళ్ల కిందట మామయ్య బండిని నేనే విప్పాను. అప్పటికి షెడ్డు పెట్టి ఏడాది కాలేదు. నేల మీద మూడు ఇంజిన్లు ఒకేసారి పరిచి ఉన్నాయి. మామయ్యది బిగించాక చూస్తే నంబర్లు కలవలేదు. ఒకళ్ల ఇంజిను ఇంకొకళ్లకి వేసేశాననుకున్నాను. మిగతా రెండు బండ్లూ అప్పటికే వెళ్లిపోయాయి. మేనమామ ఇంజిను పోగొట్టినవాడు అని జనం నవ్వుతారని భయపడి, తలుపులు మూసి, ఇంజిను మీది నంబరు ఆకురాయితో అరగదీసి, ఫ్రేము నంబరే కొట్టాను. ఆరు అంకె అచ్చు దొరక్క తొమ్మిదిని తిరగేశాను. బండి అప్పగిస్తూ, రెండూ ఒకటే మామయ్యా, అసలు బండి అంటే నీదే అని పొగిడాను కూడా. అంటే ఆ రోజు ఇంజిన్లు మారనేలేదు, నేను ఏ తప్పూ చేయలేదు. చేయని తప్పును దాచబోయి, నికార్సయిన బండిని నా చేతులతోనే దొంగబండిని చేశాను.

మామయ్య తొట్టి అంచు మీద కూర్చుండిపోయాడు.

"అన్న నాకు దొంగసొత్తు ఇచ్చాడన్నమాట" అన్నాడు. మా ఆచారం ప్రకారం వచ్చే నెల, ఎప్పుడో పోయిన మరిహోత్ ఎముకలు తీసి కొత్త సమాధిలో పెట్టాలి. మొదటి పార తమ్ముడే వేయాలి. "ఆ పార నేను పట్టను. ఇంకెవరినైనా చూసుకోమనండి."

ఇక ఆగలేకపోయాను. చేయి పట్టుకుని షెడ్డు వెనక నీళ్లపీపా దగ్గరికి తీసుకెళ్లి మొత్తం చెప్పేశాను. ఆయన మొహంలోకి చూడలేక పీపా వైపు తిరిగి చెప్పాను. 

"నన్ను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదరా," అన్నాడు మామయ్య. "రెండు నంబర్లూ వేరువేరుగా ఉంటాయి, కంగారుపడకు అని బండి ఇచ్చిన రోజే అన్న చెప్పాడు. తర్వాత నువ్వు ఒకటే అన్నావు. సరే, అన్నే పొరబడ్డాడు, మా తుంపాల్ చదువుకున్నవాడు అనుకున్నాను."

ఆయన తిట్టినా, చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది. పీపాలో నీళ్లతో మొహం కడుక్కుని, లుంగీతో తుడుచుకుని ముందుకు నడిచాడు. అందరి ముందూ చెప్పేస్తాడు, నా పని అయిపోయింది అనుకుంటూ వెనకే వెళ్లాను.

"ఆ నంబరు నేనే కొట్టించాను," అన్నాడు మామయ్య. "మెదాన్ పట్నంలో. రెండూ ఒకటైతే గొప్పగా ఉంటుందని కుర్రతనం. మా అన్న ఇచ్చింది మంచి బండే. ఇందులో వీడికేం సంబంధం లేదు."

రెత్నో నా వైపు చూసింది. నేను నేలచూపులు చూశాను. అసలు నంబరు చెరిగిపోయిన బండిని తీసుకోలేనని మెల్లగా చెప్పి, మామయ్యకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. నిజం చెప్పడానికి ఆవిడ వీధి మలుపు దాటేదాకా నాకు టైముంది. చెప్పలేదు.

మరుసటి నెల మామయ్య వాళ్ల అన్న సమాధి దగ్గర మొదటి పార వేశాడు. బండి మాత్రం షెడ్డు మూల గోనె కప్పుకుని ఉంది. వచ్చినవాళ్లంతా ముక్కలుగా ఇస్తేనే కొంటామంటున్నారు.

కల్లుకొట్లో ఇప్పుడు అందరికీ ఆయనే వేళాకోళం. మొన్న బోనార్, నీ వయసు కూడా మెదాన్‌లోనే కొట్టించావా మామా అన్నాడు. మామయ్య అందరితోపాటే నవ్వాడు. బోనార్ అంతటితో ఊరుకోలేదు, నా వైపు తిరిగాడు.

"అవునుగానీ తుంపాల్ అన్నా, ముప్పై ఏళ్లుగా ఆ బండి నీ చేతిలోనే ఉంది. ఆ తిరగేసిన తొమ్మిది నీకు ఎప్పుడూ కనబడలేదా?"

కొట్టు కొట్టంతా నా వైపు చూసింది.

"మెదాన్‌వాడెవడో మహా గట్టివాడు, నాకే దొరక్కుండా కొట్టాడు" అన్నాను.

ఘొల్లున నవ్వారు. మా ఆచారంలో మేనమామకు మేనల్లుడే కల్లు పోసి ఇవ్వాలి. నా చేయి కూజా దాకా వెళ్లలేదు. మామయ్యే దాన్ని అందుకుని, ముందు నా గ్లాసు నింపాడు. అందరూ చూస్తుండగా నేను తాగాను.