పెట్టెలో పీర్లు

పీర్లచావిడి ముందు గ్రానైట్ బండలు దిగిన రోజే హుస్సేన్ పీరాకు అనుమానం పుట్టింది. ఊరు అడిగింది బండలు కాదు. గోడలకు రంగులూ కాదు, కుర్రాళ్లకు క్రికెట్ బ్యాట్లూ కాదు. ఎమ్మెల్యేగా పోటీ చేస్తున్న చైతన్య ఇవన్నీ ఎవరూ అడక్కుండానే పంపించాడు. ఊరకే రారు మహానుభావులంటారు, మరి బండలు మాత్రం ఊరకే వస్తాయా? తాతల నాటి నుంచి ఆ చావిడిలో పీర్లను చూసుకునే ముజావరు పని చేస్తున్న ఇల్లు పీరాది. పరిచిన కొత్త బండల మీద కాలు పెట్టబుద్ధి కాక, ముసలాయన రెండు దినాలు పక్క వాకిలి నుంచే లోపలికి పోయాడు.

ఊరు అడిగింది ఒక్కటే. చెరువుకు నీళ్లు తెచ్చే వంకకు అడ్డంగా సోలార్ కంపెనీ వాళ్లు మట్టికట్ట పోసి, దాని మీద కంచె వేశారు. పోయిన వానలకు చుట్టుపక్కల వంకలన్నీ పారితే, ఈ చెరువులో మేకలు పడుకున్నాయి. చెరువు కింద పీరాకున్న కాస్త మడీ, పక్కనే గంగప్ప మడీ నెర్రెలిచ్చాయి. ఇంకో ఏడు ఇలాగే పోతే మడి అమ్మేసి రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టుకుని బతుకుతామని కొడుకూ కోడలూ తేల్చి చెప్పేశారు. పీరాకు ఆ మడి తప్ప వేరే ఆస్తి లేదు, వేరే ఆశా లేదు.

కట్ట తీయించేవాడికే మా ఓట్లని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆ కట్ట పోసిన జేసీబీ ఎవరిదో అందరికీ తెలుసు. చైతన్య పెళ్లాం వనజాక్షి తమ్ముడిది. అడిగితే చైతన్య నవ్వేశాడు. వాడు కిరాయికి పోయినాడు, కంపెనీతో నాకేం సంబంధమన్నాడు. ఆ తర్వాత వారానికే కబురు పంపాడు. శుక్రవారం పొద్దున పీర్ల ముందు నిలబడి, గెలిస్తే కట్ట తీయిస్తానని ప్రమాణం చేస్తాడట. ఆ మాటకు ఊరు మెత్తబడింది. గంగప్పయితే చెరువు నిండినంత సంబరపడ్డాడు.

పీరా మనసు మాత్రం కుదుటపడలేదు. పీర్లు లేచేది మొహర్రం నెలలోనే. మిగతా కాలమంతా పట్టుగుడ్డల్లో చుట్టుకుని, దూలానికి వేలాడే పెట్టెలో పడుకుంటాయి. పడుకున్న పీర్లకు మాట వినపడదనీ, వాటి ముందు చేసిన ప్రమాణం చెల్లదనీ ఊరి నమ్మకం. గట్టు తగాదాలు సైతం పండగ దాకా ఆగేది అందుకే. సంబరంలో ఊరు ఆ సంగతి మరిచిపోయింది. చైతన్య కూడా మరిచిపోయాడా? ఈ ఊళ్లో పుట్టి, పండగ నిప్పుల గుండం చుట్టూ గంతులేసి పెరిగినవాడు కదా. అడగనివన్నీ చేతికిచ్చి, అడిగిన ఒక్కదాన్ని మాత్రం మూసిన పెట్టె ముందు పెడతానంటున్నాడే!

ఎలక్షన్లు పీర్ల పండగ దాకా ఆగుతాయా మామా, ఆయన మాత్రం ఏం చేస్తాడని కోడలు ఆసియా అంది. అదీ నిజమే. ఉత్తపుణ్యానికి మనిషిని అనుమానిస్తున్నానేమోనని పీరాకు తన మీద తనకే కోపం వచ్చింది. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటినాక బోడిమల్లన్న అనే జాతిని ఇన్నేళ్లు చూసినవాడికి ఆ కోపం ఎంతసేపు నిలుస్తుంది? పొయ్యి మీద టీ పొంగేలోపే అది చల్లారి, అనుమానం మళ్లీ లేచి కూర్చుంది.

శుక్రవారం కార్లు వచ్చాయి. చైతన్య తెల్లబట్టల్లో దిగాడు. వెనకే వనజాక్షి, చేతిలో పీర్లకు పెట్టే తీపి మలీదా గిన్నెతో. ఎన్నో ఏళ్లు పిల్లల్లేక, ఈ పీర్లకు మొక్కుకున్నాకే ఆమెకు ఒక ఆడబిడ్డ పుట్టింది. అప్పటి నుంచీ ఏ పండగకూ మలీదా తప్పించలేదు. ఊరంతా చావిడిలో కిక్కిరిసింది. కుర్రాళ్లు సెల్‌ఫోన్లు పైకెత్తారు. చైతన్య పెట్టెకు దండం పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

పీరా చెయ్యెత్తి ఆపాడు. గూట్లో ఉన్న చిన్న మట్టిపిడత తెచ్చి మూత తీశాడు. అందులో ఉన్నది పోయిన పండగ నాటి గుండం ఊదీ, ఆ నిప్పుల బూడిద.

"పీర్లు పండుకోనుండాయి చైతన్యా. నువ్వేం చెప్పినా ఇనపడదు. ఈ ఊదీ పండుకోదు. నాలిక్కి రాసుకోని చెప్పు."

ఊదీ నాలుకకు రాసుకుని మాట తప్పితే, అది కడుపున పుట్టినవాళ్లకు తగులుతుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. చైతన్య ముఖంలో నవ్వు చెదరలేదు. "దాందేముండాది, ఇయ్యి మామా," అంటూ అరచెయ్యి చాపాడు. పీరా చిటికెడు ఊదీ వేశాడు. ఈ మనిషి నిజమే చెబుతున్నాడేమో, పాపం నాదేనేమో అని ముసలాయన ఒక్క క్షణం అనుకున్నాడు. చైతన్య వేలికి ఊదీ అద్దుకుని నోటి దాకా తెచ్చాడు.

వనజాక్షి ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దు," అంది. గొంతు పెద్దగా లేదు గానీ చావిడంతా విన్నది. "మనకు పాప ఉండాది."

ఊదీ కొత్త బండల మీద పడింది. చైతన్య ఆమె వైపు మింగేసేలా చూశాడు. మరుక్షణం మళ్లీ నవ్వు తెచ్చుకున్నాడు. ఆడోళ్లకు భయం జాస్తి, మాటంటే మాటే, ఇంకో ఊరికి పోవాల, లేటయితాందని చెప్పి, దండాలు పెట్టుకుంటూ కారెక్కాడు. వనజాక్షి వెంటనే కదలలేదు. వంగి, బండ మీద పడిన ఊదీని వేళ్లతో పోగు చేసి కొంగుకు ముడేసుకుంది. పీరా ముఖం చూడకుండానే వెళ్లిపోయింది. ఆ తల్లి మీద జాలితో ముసలాయనకు కళ్లు చెమర్చాయి.

కార్ల దుమ్ము అణిగింది. వంకకు కట్ట అలాగే ఉంది, చెరువులో మేకలు అలాగే ఉన్నాయి. గంగప్ప దిగాలుగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంగ ఓటెవరికి ఏయాలప్పా పీరా?"

పీరా పిడతకు మూత పెట్టి గూట్లో దాచాడు.

"ఆయమ్మ నిలబడింటే ఏసేటోళ్లం గదప్పా," అన్నాడు.