మా ఆయన చెప్పిన క్లైమాక్సులు

"ఫస్టాఫ్ బాగుందండీ," అన్నాను, టిఫిన్ బాక్సు మూత తీస్తూ. స్టాఫ్ రూమ్‌లో అందరూ ఒక్కసారి నవ్వారు.

"అదిగో, అనేసేరు," అన్నారు హిందీ చెప్పే పద్మావతి గారు. "షైనీ గారికి సెకండాఫ్ నచ్చిన సినిమా ఇంకా పుట్టలేదండీ."

పలివెల దగ్గర మా హైస్కూల్లో సోమవారం భోజనాల దగ్గర పాఠాల ఊసెత్తే అలవాటు ఎవరికీ లేదు. సెలవుల్లో ఎవరే సినిమా చూశారు, హీరో లావయ్యాడా చిక్కాడా, ఆ పాట అక్కడ ఎందుకు పెట్టారు, అన్నీ ఇవే కబుర్లు. అందులో నాకొక పేరుంది. మొహమాటం లేకుండా సినిమాని తూకం వేసే మనిషినని. కొత్తగా చేరిన లెక్కల టీచరు శ్రీవాణి అయితే, "మేడం, మీరు రివ్యూలు రాయాలండీ. సెకండాఫ్ తేలిపోయిందని అందరి కంటే ముందు పట్టేస్తారు," అంటుంది. నేను గంభీరంగా తలూపి పెరుగన్నం కలుపుకుంటాను. అసలు సంగతేమిటంటే, పిల్ల పుట్టాక నేను ఏ సినిమా సెకండాఫూ చూడలేదు.

మా అమ్మాయి మెర్సీ చంటిపిల్లగా ఉన్నప్పుడు మొదలైందిది. ఇంటర్వెల్ తర్వాత ఫైట్ల మోతకి జడుసుకుని ఏడ్చేది. "బయటికి తీసుకెళ్ళు, జనం చూస్తున్నారు," అనేవారు మా ఆయన శ్యామ్ సుందర్ గారు, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. ఆయన కరెంటాఫీసులో పని చేస్తారు. కోపం లేదు, చెడ్డ అలవాటు లేదు. అమలాపురంలో ఎవర్నడిగినా "బంగారంలాంటి మనిషండీ" అంటారు. ఆ బంగారం లోపల సినిమా చూస్తుంటే నేను హాలు బయట బల్ల మీద పిల్లని భుజానేసుకుని కూర్చునేదాన్ని. మెర్సీకి ఊహ తెలిసి, వాళ్ళ నాన్న పక్కన బుద్ధిగా పాప్‌కార్న్ తినే వయసొచ్చింది. హమ్మయ్య అనుకునేసరికి మా అత్తగారు పాపాయమ్మ గారు మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడ దృష్టిలో సినిమా పాపం. కానీ ఇంట్లో ఒక్కరూ ఉండలేరు గనక మాతో వస్తారు. "పాపమే గానీ అమ్మాయ్, ఆ ఏసీ మటుకు దేవుడిచ్చిందే," అంటారు. ఇంటర్వెల్ దాకా బ్రహ్మాండంగా చూస్తారు. విలన్ని పేరు పెట్టి తిడతారు. ఇంటర్వెల్ లైట్లు వెలిగి ఆరగానే ఏమవుతుందో ఏమో, "షైనీ, చలేస్తోందమ్మా, బయట కూచుందాం," అని లేచిపోతారు. మా ఆయన వెంటనే మోకాళ్ళు పక్కకి జరిపి మాకు దారి ఇస్తారు. ఇంట్లో ఏ పనికీ ఆయన అంత చురుగ్గా కదలగా నేను చూడలేదు. ఇప్పుడు మెర్సీ హాస్టల్లో ఉంది. బల్ల మటుకు నన్ను వదల్లేదు.

అలా సెకండాఫులు నా చెవులకే తెలుసు. దబదబమంటే ఫైటు. ఈలలు పడితే హీరో ఏదో అన్నాడు. ఉలుకూ పలుకూ లేకపోతే ఎవరో పోతున్నారు. చివరికి ఏమైందో మాత్రం ఆటోలో ఇంటికెళ్తూ మా ఆయన చెప్పాలి. ఆయన ఆదివారాలు చర్చిలో పిల్లలకి సండే స్కూలు నడుపుతారు. ఆ అలవాటు వల్లనేమో, ఆయన నోట్లోంచి వచ్చిన ఏ కథకైనా ఆఖర్న ఒక నీతి ఉంటుంది. "ఏముందీ, ఆవిడ కలెక్టరు ఉద్యోగం మానేసింది. పిల్లల కంటే పదవి ఎక్కువ కాదని తెలుసుకుంది." ఇంకో సినిమాకి, "ఆ అమ్మాయి రైలు దిగి వెనక్కొచ్చేసింది. ప్రేమంటే త్యాగం కదా." వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన మీద కాదు, తీసినవాళ్ళ మీద. అంత చక్కటి ఫస్టాఫ్ తీసి చివరికి ఇలా తగలేశారేమిటా అని. మర్నాడు బడిలో నేను చేసే విమర్శ అక్కడ పుట్టిందే. విమర్శ మాత్రం నిజాయితీగానే చేసేదాన్ని.

మొన్న శనివారం చూసిన సినిమాలో ఒక ఇల్లాలు బట్టలు కుడుతుంది. మొగుడు మాటకి ముందొకసారి, వెనకొకసారి "నీకేం తెలుసు, నువ్వు కూర్చో" అంటుంటాడు. చుట్టాల ముందు ఆమె కుట్టిన జాకెట్టు ఎగరేసి చూపించి అందర్నీ నవ్విస్తాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద కూర దించి, గ్యాస్ కట్టేసి, ఇంటి తాళాలు ఫ్రిజ్ మీద పెట్టి, కుట్టుమిషను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోతుంది. అక్కడ ఇంటర్వెల్. గ్యాస్ కట్టెయ్యడం దగ్గర నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇల్లు వదిలి పోతూ కూడా గ్యాస్ మర్చిపోలేదు, పిచ్చిది. ఇంతలో అత్తగారికి చలేసింది. ఆటోలో మా ఆయన చెప్పారు కదా, "తొందరపడ్డానని తెలుసుకుని వచ్చి సారీ చెప్పింది. ఎంతైనా సంసారం కదా."

అందుకే ఆ సోమవారం నాకు ఆవేశం ఆగలేదు. "ఈసారి మీరు నవ్వినా సరేనండీ. అంత రోషంగా వెళ్ళిన మనిషి ఇంటికొచ్చి మొగుడికి సారీ చెప్పడమేంటండీ? ఆ మిషను అంత దూరం మోసుకెళ్ళింది మళ్ళీ మోసుకురావడానికా?"

పద్మావతి గారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎవరు చెప్పేరండీ సారీ?"

"ఆవిడే."

"ఎవరికీ?"

"మొగుడికండీ."

ఆవిడ శ్రీవాణి వంక చూశారు. శ్రీవాణి కిటికీ వంక చూసింది. "షైనీ గారూ, మీరే సినిమాకి వెళ్ళేరండీ? ఆవిడసలు తిరిగొస్తే కదా!"

శ్రీవాణి ఉత్సాహంగా అసలు ముగింపు చెప్పబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దమ్మా, చెప్పకు. మధ్యలో నిద్ర పట్టేసింది, కలగన్నట్టున్నాను," అన్నాను. అందరూ మళ్ళీ నవ్వారు. మధ్యాహ్నం ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతున్నాను గానీ మనసు ఆటోలోనే ఉంది. మా ఆయన అబద్ధం చెప్పారా? బంగారంలాంటి మనిషి, ఒక సినిమా విషయంలో, పెళ్ళానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమిటి? ఇంకో ఆడమనిషి ఉందంటే నిలదియ్యొచ్చు, డబ్బు పోయి ఉంటే అర్థం చేసుకోవచ్చు. సినిమా ముగింపు దాచిపెట్టే మొగుడి గురించి ఎవరికి చెప్పుకోను? అయినా సరే, ఇంకొకరి నోటి నుంచి మాత్రం వినదల్చుకోలేదు.

బుధవారం కొత్తపేటలో టీచర్ల మీటింగ్ ఉందని ఇంట్లో చెప్పాను. అది నిజమే. మధ్యాహ్నానికే అయిపోతుందని చెప్పలేదు, అంతే. బస్సెక్కి అమలాపురంలో దిగి హాలుకి వెళ్ళి ఒక టిక్కెట్టు అడిగాను. కౌంటర్లో మనిషి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెడ సాచి చూశాడు. లోపల కూర్చున్నాను. ఫస్టాఫ్ మళ్ళీ చూశాను. గ్యాస్ దగ్గర మళ్ళీ ఏడ్చాను. లైట్లు వెలిగాయి. లేచాను. తిన్నగా వచ్చి హాలు బయట బల్ల మీద కూర్చున్నాను.

క్యాంటీన్ అంజిబాబు సమోసాల పళ్ళెం సర్దుతూ నన్ను చూసి పలకరించాడు. "అమ్మగారు రాలేదాండీ ఇవాళ?"

"రాలేదు."

"పాపగారండీ?"

"హాస్టల్లో ఉంది."

"అయ్యగారు లోపలున్నారాండీ?"

"లేరు. ఆఫీసులో ఉన్నారు."

అతను చేతిలో సమోసా పళ్ళెంలో పెట్టేశాడు. లోపల్నించి సినిమా మళ్ళీ మొదలైన చప్పుడొచ్చింది. "ఆయ్. మరి తమరు ఎవరి కోసం కూచున్నారండీ?"

సిగ్గుపడి, పరిగెత్తినంత పని చేసి లోపలికెళ్ళాను.

నిజం చెప్పొద్దూ, సెకండాఫ్ కొంచెం సాగింది. ఒక పాట శుద్ధ అనవసరం. అయినా ఆ పాటని కూడా కళ్ళార్పకుండా చూశాను. ఆమె ఒక చిన్న గది తీసుకుని షాపు పెడుతుంది. కష్టాలు పడుతుంది, ఒక దెబ్బలాట కూడా ఆడుతుంది. ఆఖర్న మొగుడు ఒక చేత్తో పెద్ద పూలగుత్తి, ఇంకో చేత్తో గుండీలూడిన చొక్కా పట్టుకుని షాపుకొస్తాడు. "నా చొక్కాకి గుండీలు కుట్టే దిక్కు లేదు, ఇంటికొచ్చెయ్," అంటాడు. ఆమె ఆ చొక్కా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టి, "గురువారానికి ఇస్తానండీ. తర్వాతెవరు?" అంటుంది. హాలంతా ఈలలు. శనివారం బయట బల్ల మీద నేను విన్న ఈలలు ఇవే. హీరో ఏదో డైలాగు కొట్టాడనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో చేపల పులుసు వడ్డిస్తూ మామూలుగా అడిగాను. "ఏవండీ, మొన్నటి సినిమాలో ఆవిడ సారీ చెప్పింది ఇంట్లోనా, షాపులోనా?"

"ఇంట్లోనే," అన్నారు మా ఆయన, తడుముకోకుండా. "వర్షంలో తడుసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. కాళ్ళ మీద పడబోతే ఆయనే లేవదీసేడు."

"పాటేమైనా పెట్టేరాండీ అక్కడ?"

"పాట కాదు. వెనకాల సన్నగా ఫ్లూట్ వస్తుంది." ఆయన గొంతు కొంచెం బొంగురుపోయింది కూడా.

"ఇవాళ మ్యాట్నీకి వెళ్ళేనండీ. ఫ్లూట్ ఎక్కడా వినపళ్ళేదు."

ఆయన చేప ముక్కని కంచం అంచుకి జరిపారు. "ఒక్కదానివేనా?" అన్నారు ముందు. నేను ఊ కొట్టాక, "అది కాదు షైనీ. ఆ ముగింపు నాకే నచ్చలేదు. ఇంటికెళ్తూ నీ మనసు పాడు చెయ్యడమెందుకని కొంచెం మంచిగా చెప్పేను. అయినా, ఎలాగూ నువ్వు చూడవు కదా," అన్నారు.

ఎలాగూ నువ్వు చూడవు కదా. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. వానాకాలం గోదారి పొంగుతుంది కదా అన్నట్టు అన్నారు. నేను చూడనని ఆయనకి అంత ధీమా. పిల్ల ఏడిస్తే లేచేది నేను, అమ్మకి చలేస్తే లేచేది నేను, కనక సెకండాఫ్ ఆయన సొత్తు, అందులో ఆడవాళ్ళని ఎటు కావాలంటే అటు నడిపించుకోవచ్చు. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. వేరే అనుమానమొచ్చింది.

"ఆ కలెక్టరు ఉద్యోగం మానేసిందా అండీ?"

ఆయన మంచినీళ్ళు తాగారు. "ప్రమోషన్ వచ్చింది," అన్నారు చిన్నగా.

"రైలమ్మాయి?"

"దిగలేదు."

అప్పటిదాకా పులుసులో ముల్లు ఏరుకుంటున్న అత్తగారు తలెత్తారు. "ఒరేయ్ శ్యామూ, ఆ పిల్ల రైలు దిగలేదా? దాని కాపురం నిలబడాలని నేను మోకాళ్ళ మీద ప్రార్థన చేసేను కదరా!"

"సినిమా కోసం ప్రార్థనేంటమ్మా?"

"నువ్వు చెప్పిన తీరు అలాగుంది మరి! కన్నతల్లికి కూడా అబద్ధమే చెప్పేవా?"

"నువ్వు చలేస్తోందని వెళ్ళిపోతావు కదా, అందుకనీ..."

"చలి లేదు, గిలి లేదు," అన్నారు ఆవిడ. అని, ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందా అన్నట్టు మూతి తుడుచుకుని, నా వైపు తిరిగారు. "మీ మావయ్యగారు సాలమోను గారికి సినిమాలంటే ప్రాణమమ్మా. చర్చిలో తెలీకుండా నన్నూ తీసుకెళ్ళేవారు. ఇంటర్వెల్ అవ్వగానే 'నువ్వు పద, పొయ్యి రాజెయ్యి, నేను ఆకలితో వస్తాను' అనేవారు. చీకట్లో గట్టు మీద ఒక్కదాన్నీ నడిచొచ్చేదాన్ని. ఇప్పటికీ ఆ లైట్లు వెలిగితే నాకు కూచోబుద్ది కాదు. పొయ్యి మీద అన్నం పడెయ్యాలనిపిస్తుంది. చలని చెప్తే బాగుంటుందని చెప్పేను."

ఇన్నేళ్ళూ ఆ బల్ల మీద ఆవిడ పక్కన కూర్చుని, నా సినిమా పాడు చేసిన మనిషని లోలోపల ఆవిణ్ణే తిట్టుకున్నాను. ఆవిడ కంచంలో ఇంకో ముక్క వేశాను.

"వచ్చేది రెండో శనివారమండీ," అన్నాను మా ఆయనతో. "నేనూ అత్తయ్యగారూ ఆ సినిమాకి వెళ్తున్నాం."

"నేనూ వస్తాను."

"మీరు చూసేసేరు కదండీ. ఇంట్లో వంట చూడండి."

శనివారం మ్యాట్నీకి వెళ్ళాం. ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే అత్తగారి కాళ్ళు వాటంతటవే కదిలాయి. నేను చెయ్యి పట్టుకున్నాను. "అన్నమో?" అన్నారు గాభరాగా.

"మీ అబ్బాయి వండుతున్నారండీ."

"వాడికి వచ్చా?"

"ఇవాళ్టితో వచ్చేస్తుంది."

ఆవిడ కూర్చున్నారు. మొదట కుర్చీ అంచు మీద, తర్వాత కొంచెం వెనక్కి, దెబ్బలాట వచ్చేసరికి పూర్తిగా జారగిలబడి. గురువారం అన్న చోట ఆవిడ చప్పట్లు కొట్టారు, అందరూ ఆపేశాక కూడా. బయటికొచ్చి ఎండలో నిలబడి అడిగాను, ఎలా ఉందండీ అని.

"బాగుంది. కానీ ఒకటి చూసేవా? వాడు గుండీల గురించి అడిగేడు, ఇంటి గురించి అడిగేడు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు, ఏం తిన్నావు అని ఒక్క ముక్క అడగలేదు, చచ్చినోడు."

రెండుసార్లు చూసిన నేను అది గమనించలేదు. సోమవారం స్టాఫ్ రూమ్‌లో ఇది చెప్పాలి, ఎవరి మాటో కూడా చెప్పాలి అనుకున్నాను. ఫోన్ మోగింది.

"అయిపోయిందా? అన్నం కొంచెం మెత్తబడింది," అన్నారు మా ఆయన. వెనకాల పప్పు కుక్కరు కూస్తోంది. "కూరేం చెయ్యమంటావు?"

అత్తగారు రోడ్డుకి అవతల ఇంకో హాలు మీదున్న పోస్టరు కేసి చూస్తున్నారు. అందులో ఒకమ్మాయి లారీ స్టీరింగు పట్టుకుని ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి అప్పుడే రోడ్డు దాటడం మొదలుపెట్టారు.

"మీకు తోచింది చేసుకుని తినెయ్యండి," అన్నాను, ఆవిడ వెనకాల అడుగేస్తూ. "మేం ఫస్ట్ షో కూడా చూసుకునొస్తాం."