ఏనుగు ముక్కు

మా చెల్లెలి కొడుకు గురక పెడితే గూట్లో గిన్నెలు గలగలలాడేవని నేనంటే అందరూ నవ్వేవారు. వాడి గదికీ నా గదికీ మధ్య ఉన్నది ఒక చెక్క గోడ. నవ్వే ఓపిక నాకెక్కడిది? అయినా గురక వినపడినంతసేపూ ఫరవాలేదు. ఉన్నట్టుండి ఆగిపోయేది చూశారా, అదీ భయం. వాడు మళ్లీ ఊపిరి తీసుకునేదాకా నేనూ బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

వాడు బస్సు డ్రైవరు. చిన్నప్పుడు చీపురుకట్టే వాడి గేరు రాడ్డు, నోరే హారను. స్టీరింగు తప్ప వాడికి వేరే లోకం లేదు. అలాంటివాడు ఒకరోజు సిగ్నలు దగ్గర ఆగి, పచ్చలైటు పడినా కదలకుండా కునుకు తీశాడు. డిపోవాళ్లు డాక్టరు దగ్గరికి పంపారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందని, గాలి ఊదే చిన్న మిషనూ, దాని గొట్టానికి ముక్కు మీద పెట్టుకునే మాస్కూ ఇచ్చారు. అది పెట్టుకుని పడుకుంటేనే బస్సు చేతికిస్తామన్నారు. పెట్టుకున్నాడో లేదో ఆ మిషనే ఆస్పత్రికి చెప్పేస్తుందట. పెట్టుకోకపోతే మిషను వెనక్కి, వాడు యార్డులో బస్సులు కడగడానికి.

మొదటిసారి పెట్టుకుని లేచిన పొద్దున వాడి మొహం చూడాలి!

"పెద్దమ్మా, ఇన్నేళ్లూ నేను నిద్రపోలేదే. ఊరికే పడుకున్నానంతే" అన్నాడు.

కానీ వాడు ఇంట్లో పడుకునేది సెలవు రోజునే కదా. రాత్రి ఆఖరి బస్సు పెట్టి పొద్దున్నే మొదటి బస్సు తీయాలంటే డిపో హాల్లోనే పడుకోవాలి. వరసగా మంచాలు, అందరి ఫోన్లకూ కలిపి ఒకటే ప్లగ్గు. మిషను సంచీలో పెట్టుకుని వెళ్లాడు. వాడి బస్సు కండక్టరు, నోరు మూతపడని మనిషి, ఆ గొట్టాన్ని తన ముక్కుకు పెట్టుకుని ఘీంకరించాడట.

"ఏనుగొచ్చిందిరోయ్! అరటిపళ్లు దాచుకోండి!"

హాలంతా పగలబడి నవ్వింది. వీడూ నవ్వాడు పాపం. నిద్రపట్టాక ఎవడో ప్లగ్గు పీకేసి ఫోను పెట్టుకున్నాడు. వీడు ఉక్కిరిబిక్కిరై లేస్తే, "నీ గాలి కోసం మా ఫోన్లు చావాలా?" అన్నాడట.

మిషను మళ్లీ ఇల్లు చేరింది.

"రాత్రికి ఇంటికొచ్చే డ్యూటీ అడగరా" అన్నాను.

"అడిగాను. రోగముంటే యార్డుకి పో అన్నాడు మేనేజరు."

వాడి పెళ్లాం, మా కోడలిది ప్యాకింగు కంపెనీలో రాత్రి పని. పగలు పడుకుంటుంది. మంచం కింద ఉన్న మిషను వంక చూస్తూ చూస్తూ, "దానికి కావలసింది ముక్కే కదా, ఎవరి ముక్కయితేనేం" అంది. ఆ రోజు నుంచి పగలు ఆ పిల్ల తగిలించుకుని పడుకునేది. లేచాక త్రేనుపులే త్రేనుపులు.

"అత్తయ్యా, కడుపంతా గాలే. దారం కట్టి పట్టుకో, ఎగిరిపోతాను" అనేది.

డాక్టరు రిపోర్టులో గంటల లెక్క చూసి వాడి వీపు తట్టాడు. "నీ అంత బాగా వాడేవాళ్లు లేరయ్యా."

"ఇంకా మత్తుగానే ఉంటోందండీ" అని నోరు జారాడు వీడు.

"మిషను చక్కగా పనిచేస్తోంది. ఇది వట్టి అలసట. కాస్త నడువు."

ఇంటికొచ్చి, "నిజం చెప్పేస్తే?" అన్నాడు వాడు. కోడలు మాస్కు తుడుస్తూ కూర్చుంది. వాడే లేచి యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం తలుపు దబదబా బాదారు. కోడలు నిద్రమత్తులో అలాగే వెళ్లి తీసింది. మాస్కు ముక్కు మీదే ఉంది, ఊడిన గొట్టం ముక్క వేలాడుతోంది. ఎదురుగా కండక్టరు, చొక్కా నిండా దుమ్ము.

"ఖాళీ బస్సు డిపోకి తెస్తున్నాడమ్మా. నేను వెనక బస్సులో ఉన్నాను. వంతెన స్తంభానికి... బ్రేకు వెయ్యనే లేదు. మనిషి దక్కలేదు" అంటూ ఆగిపోయాడు. చూపు మాస్కు మీద పడింది. "ఇది... వాడు పెట్టుకోవడం లేదా?"

నేను వెళ్లి కోడలి తల వెనక పట్టీ విప్పాను. లోపల మంచం మీద మిషను ఇంకా బుస్సుమని గాలి ఊదుతూనే ఉంది.

వాడి ఉద్యోగానికి బదులు కోడలికి డిపోలో ఏదైనా పని వేయిస్తానని ఆ కండక్టరే కాళ్లరిగేలా తిరిగాడు. వైద్యం సరిగ్గా చేయించుకున్న డ్రైవరని తేలితే ఇస్తారట. విచారణకు మమ్మల్నీ పిలిచారు. ఆఫీసరు మిషను రిపోర్టు తిరగేస్తూ మొదట మెచ్చుకోలుగా తల ఊపాడు. చివరి కాగితం దగ్గర కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"బస్సు స్తంభాన్ని కొట్టిన సమయానికి ఈయన మాస్కు పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నట్టు ఇందులో ఉంది. పోయిన తర్వాత కూడా ఊపిరి తీసుకున్నాడు" అన్నాడు. "ఎవరమ్మా, ఆ ఊపిరి?"

కండక్టరు కోడలి వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నాదేనండీ" అంది కోడలు.